అక్షర సంకేతన దోషాలు: ప్రోగ్రాములు తయారుచేసే పత్రాల్లో కారణాలు, సవరణ

## నిర్వచనం, పరిధి

ఒక ప్రోగ్రాము ఒక పద్ధతిలో బైట్లుగా రాసిన అక్షరాలను ఇంకో ప్రోగ్రాము వేరే పద్ధతి అనుకుని చదివితే పత్రంలో పుట్టే వికృతిని అక్షర సంకేతన దోషం అంటారు. హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కార్యాలయాల్లో దీనికి వాడుక పేరు ‘జంక్ క్యారెక్టర్లు’. కంటికి కనిపించేదాన్ని బట్టి ‘బాక్సులు వస్తున్నాయి’, ‘క్వశ్చన్ మార్కులు పడుతున్నాయి’ అని కూడా చెబుతారు.

మనిషి కూర్చుని టైపు చేసిన పత్రంలో ఈ దోషం వెంటనే కంటపడుతుంది. డేటాబేసులోంచి పేర్లు, చిరునామాలు తీసి ప్రోగ్రామే తయారుచేసే పత్రాల్లో అలా కాదు. కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, బీమా పాలసీ, కుల ధ్రువీకరణ పత్రం, ఆఫర్ లెటర్ వంటివి ఎవరూ చూడకుండానే వేల సంఖ్యలో బయటికి వెళ్లిపోతాయి. తప్పును మొదట చూసేది వాటిని అందుకున్న మనిషే. ఈ వ్యాసం ప్రధానంగా అలాంటి పత్రాలకు సంబంధించింది. తెలుగుతో పాటు, ఐటీ కారిడార్ పని చేసిపెట్టే యూరోపియన్ భాషల స్వరచిహ్నపు అక్షరాలు, తెలంగాణ రెండో అధికార భాష ఉర్దూ కూడా ఇందులోకి వస్తాయి.

## చరిత్ర

### ఆస్కీ, ఇస్కీ

1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో 128 స్థానాలే ఉన్నాయి. ఇంగ్లిషుకు అవి సరిపోయాయి. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ భాషల్లో గీతలూ చుక్కలూ పెట్టిన అక్షరాల కోసం బైటులో మిగిలిన 128 స్థానాలను వాడుకున్నారు. ఆ పై సగాన్ని ఎవరికి తోచినట్టు వారు నింపడంతో లాటిన్-1, విండోస్-1252, మ్యాక్ రోమన్ వంటి పట్టికలు వేర్వేరుగా పుట్టుకొచ్చాయి. ఏటవాలు గీత పెట్టిన ఫ్రెంచి ‘ఇ’ (é) విండోస్ పట్టికలో 233వ స్థానంలోను, మ్యాక్ రోమన్‌లో 142వ స్థానంలోను ఉంది.

భారతీయ భాషలకు ఇదే పై సగాన్ని కేటాయిస్తూ వచ్చిన పద్ధతి ఇస్కీ. భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని 1991లో ఐఎస్ 13194గా ప్రకటించింది. బ్రాహ్మీ నుంచి వచ్చిన లిపులన్నిటికీ ఒకే వరుస ఉండటం దీని ప్రత్యేకత. ‘క’ ఏ లిపిలోనైనా ఒకే స్థానంలో ఉంటుంది. పుణెలోని సీడాక్ తన జిస్ట్ సాంకేతికతతో దీన్ని ప్రచారం చేసింది. (చూ. యూనికోడ్)

### ఫాంటు సంకేతనాల కాలం

పత్రికలు, ముద్రణాలయాలు, డీటీపీ కేంద్రాలు ఇస్కీ దారిలో నడవలేదు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు స్థిరపడ్డాయి. పేజ్‌మేకర్‌లో పని చేయాలంటే అవే దిక్కు. వీటిలో అక్షరానికి సంకేతం లేదు, ఆకారానికే సంకేతం ఉంది. తలకట్టు, కొమ్ము, వత్తు, గుడి పెట్టిన అక్షరం వంటి ముక్కలను లాటిన్ పట్టిక స్థానాల్లో, ముఖ్యంగా స్వరచిహ్నపు అక్షరాల చోట, కూర్చారు. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు వ్యాసాన్ని తెరిస్తే గీతలు పెట్టిన ఫ్రెంచి, జర్మన్ అక్షరాల గుంపు కనబడేది. రెండు కంపెనీల ఫాంట్ల మధ్య పొంతన లేదు. ఒకే ఫాంటు పీసీ నుంచి మ్యాక్‌కు వెళ్లినా స్థానాలు మారిపోయి వత్తులు తారుమారయ్యేవి.

దాదాపు రెండు దశాబ్దాల తెలుగు పుస్తకాలు, పత్రికల పాత సంచికలు ఈ రూపంలోనే డిస్కుల్లో ఉన్నాయి. వెతకడానికి, అకారాదిగా పేర్చడానికి అవి లొంగవు. తెలుగు అచ్చుకు జరిగిన నష్టాల్లో దీన్ని పెద్దదిగానే లెక్కించాలి.

### యూనికోడ్, హైటెక్ సిటీ

1991 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. 1988 నాటి ఇస్కీ వరుసను ఆధారం చేసుకుని దానికి 128 స్థానాల గది కేటాయించారు. దశాంశ సంఖ్యల్లో చెబితే 3072 నుంచి 3199 వరకు. తర్వాతి వెర్షన్లలో లోటు కొంత పూడింది. 2008లో ౘ, ౙ, అవగ్రహం, పాత భిన్నాంకాలు చేరాయి. 2021లో నకారపొల్లు చేరింది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించారు.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది కూడా ఆ ఏడాదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ల కోసం ‘కార్డ్’ వ్యవస్థ వచ్చిందీ అప్పుడే. 2001లో ఈ-సేవ, 2011లో మీ సేవ వచ్చాయి. ఒకవైపు యూరప్, అమెరికా ఖాతాదారుల పేర్లు, ఇంకోవైపు ఊళ్ల నుంచి వచ్చే తెలుగు పేర్లు ఒకే నగరంలోని ప్రోగ్రాముల గుండా ప్రవహించడం అలా మొదలైంది. మామూలు కంప్యూటర్‌లో యూనికోడ్ తెలుగు కనబడటానికి మాత్రం 2001 చివర విండోస్ ఎక్స్‌పీ, దానితో గౌతమి ఫాంటు రావలసి వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. తరువాత లేఖిని వంటి టైపింగ్ పరికరాలు, పాత ఫాంట్ల పేజీలను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ వంటి సాధనాలు వచ్చాయి. సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న వంటి ఉచిత ఫాంట్లు వెలువడ్డాయి.

## పనితీరు

యూటీఎఫ్-8లో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. యూరోపియన్ స్వరచిహ్నపు అక్షరానికి, ఉర్దూ అక్షరానికి రెండు కావాలి. తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు. ఇక్కడ సంకేతం అంటే కంటికి కనిపించే అక్షరం కాదు. గుణింతపు గుర్తుకు, పొల్లుకు, సున్నకు విడివిడిగా ఒక్కో సంకేతం ఉంటుంది.

‘తెలుగు’ అనే మాటను తీసుకుంటే కంటికి మూడు అక్షరాలు. లోపల త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిసి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ‘త’ బైట్లు 224, 176, 164. ఎత్వం బైట్లు 224, 177, 134. తెలుగు గదిలోని ప్రతి సంకేతం 224తో మొదలై, రెండో బైటు 176 గానీ 177 గానీ అవుతుంది. దీన్ని విండోస్-1252 అనుకుని చదివే ప్రోగ్రాముకు 224 అంటే గీత పెట్టిన చిన్న ‘ఎ’ (à), 176 అంటే డిగ్రీ గుర్తు, 177 అంటే ప్లస్-మైనస్ గుర్తు. తెలుగు చెడినప్పుడు పేజీ అంతా డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్‌లతో నిండిపోవడానికి కారణం ఇదే. ఈ ఆనవాలు ఒకసారి గుర్తుపడితే తప్పు ఏ రకమో బైట్లు చూడకుండానే చెప్పవచ్చు.

జర్మన్ పేర్లలో వచ్చే రెండు చుక్కల ‘యు’ యూటీఎఫ్-8లో 195, 188. తప్పుగా చదివితే తరంగ గీత పెట్టిన పెద్ద ‘ఎ’, దాని పక్కన పావు భిన్నం కనబడతాయి. ఫ్రెంచి ‘ఇ’ అయితే పావు భిన్నం బదులు కాపీరైటు గుర్తు వస్తుంది. ఉర్దూలో మొదటి బైటు 216 నుంచి 219 వరకు ఉంటుంది కాబట్టి అడ్డగీత కొట్టిన ‘ఓ’, గీతలు పెట్టిన పెద్ద ‘యు’లు వరుస కడతాయి.

## దోషాల రకాలు

ఒకే ఫిర్యాదు కింద వచ్చే దోషాలు నిజానికి నాలుగైదు రకాలు. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు.

తప్పుగా చదవడం మొదటిది. బైట్లు సరిగానే ఉంటాయి, చదివే పద్ధతే తప్పు. పట్టిక పేరు సరిచేస్తే అక్షరాలు తిరిగి వస్తాయి.

రెండోది రెండుసార్లు సంకేతించడం. తప్పుగా చదివిన అక్షరాలనే నిజమైనవిగా నమ్మి మళ్లీ యూటీఎఫ్-8లో దాచుకోవడం వల్ల ఇది వస్తుంది. ‘తెలుగు’ 18 బైట్ల నుంచి 38 బైట్లకు ఉబ్బుతుంది. డేటాబేసులో ఇది పేరుకుపోతే సరైనవీ చెడినవీ ఒకే పట్టికలో కలిసిపోతాయి. ఈ రంగంలో ఎక్కువ శ్రమ తినేది ఇదే.

మూడోది ప్రశ్నార్థకాలు. తెలుగుకు చోటే లేని పట్టికలోకి మార్చినప్పుడు ప్రతి సంకేతం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పడుతుంది. ‘తెలుగు’ స్థానంలో ఆరు ప్రశ్నార్థకాలు ఉంటే అక్కడ ఇక తెలుగు లేదు. ఏ ఉపాయంతోనూ తిరిగి రాదు, మూలం నుంచి మళ్లీ తెచ్చుకోవాలి. నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనబడితే చదివే ప్రోగ్రాముకు అర్థంకాని బైట్లు తగిలాయని అర్థం. దాన్ని అలాగే సేవ్ చేస్తే 239, 191, 189 అనే బైట్లు మిగిలి, అసలు బైట్లు చెరిగిపోతాయి.

బాక్సులు వస్తే సంకేతనం బాగానే ఉంది, ఫాంటులో ఆ అక్షరం లేదు. చుక్కల వలయం మీద గుణింతం వేలాడితే సంకేతాల వరుస చెడింది, లేదా మాట మధ్యలో తెగింది. (చూ. ఆకృతి రచన)

### శాశ్వతంగా పోయే అక్షరాలు

విండోస్-1252 పట్టికలో 129, 141, 143, 144, 157 అనే ఐదు స్థానాలు ఖాళీ. యూటీఎఫ్-8 బైట్లను ఈ పట్టికతో చదివేటప్పుడు కొన్ని ప్రోగ్రాములు ఆ బైట్లను కనబడని నియంత్రణ సంకేతాలుగా దాటిస్తాయి, కొన్ని ప్రశ్నార్థకం పెడతాయి, కొన్ని పారేస్తాయి. తెలుగు దురదృష్టం ఏమిటంటే, కొమ్ము మూడో బైటు 129, పొల్లు మూడో బైటు 141. తెలుగు మాటల్లో చాలా ఉకారంతో ముగుస్తాయి. ప్రతి వత్తుకూ లోపల ఒక పొల్లు ఉంటుంది. అరసున్న, ఏ, ఐ, ఝ కూడా ఈ వరుసలోనివే. మిగతా అక్షరాలన్నీ తిరిగి వచ్చి కొమ్ములూ వత్తులూ మాత్రం రాని పత్రాలకు కారణం ఇది.

160వ స్థానంలో ఉన్నది విరవని ఖాళీ. ‘ఠ’ మూడో బైటు అదే. ఖాళీలను కత్తిరించే లేదా మామూలు ఖాళీగా మార్చే ప్రోగ్రాము గుండా వెళ్తే ‘పీఠం’, ‘కంఠం’ దెబ్బతింటాయి. ఫ్రెంచిలో వెనక్కి వాలిన గీత పెట్టిన ‘ఎ’కు కూడా ఇదే గతి. ఉర్దూలో ఫే, ఛోటీ హే 129 వరుసలో ఉన్నాయి.

## పత్రం నడిచే దారి, చిక్కులు

డేటాబేసు నుంచి కాగితం దాకా ఒక పేరు నాలుగైదు చేతులు మారుతుంది. దోషం దాదాపు ఎప్పుడూ ఈ చేతులు మారే చోటే పుడుతుంది. ఇచ్చేవాడు తన పద్ధతి చెప్పడు, పుచ్చుకునేవాడు అడగడు.

మైఎస్‌క్యూఎల్ 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా అప్రమేయంగా లాటిన్-1నే వాడేది. దానిలో ‘యూటీఎఫ్8’ అనే పాత పేరు మూడు బైట్ల దాకానే పని చేస్తుంది. తెలుగుకు అది చాలుతుంది, పేరు పక్కన ఎమోజీ వస్తే చాలదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగు మాటను మామూలు కొటేషన్లలో, ముందు ‘ఎన్’ అక్షరం లేకుండా పంపితే సాధారణ అమరికలో ప్రశ్నార్థకాలే దాఖలవుతాయి. ఒరాకిల్‌లో గడి పొడవును బైట్లలో కొలిచే అలవాటు ఇంకో చిక్కు తెస్తుంది. ‘వెంకటేశ్వరరావు’లో 14 సంకేతాలు, 42 బైట్లు ఉన్నాయి. ఇంగ్లిషు పేర్లను దృష్టిలో పెట్టుకుని 30 బైట్ల గడి పెడితే, కత్తిరించే ప్రోగ్రాము సరిగ్గా ‘వెంకటేశ్వర’ దగ్గర ఆగుతుంది. 32 బైట్ల గడి అయితే తరువాతి ‘ర’లోని రెండు బైట్లు అనాథలుగా మిగిలి, నల్ల వజ్రమై కనబడతాయి.

జావా ప్రోగ్రాములు 2022లో 18వ వెర్షన్ వచ్చేవరకు ఆపరేటింగ్ సిస్టం చెప్పిన పట్టికనే నమ్మేవి. మన దేశపు ఇంగ్లిషు విండోస్‌లో అది 1252, లినక్స్ సర్వర్లలో సాధారణంగా యూటీఎఫ్-8. ‘నా మెషీన్‌లో బాగానే వస్తోంది’ అన్న మాటకు చాలాసార్లు మూలం ఇదే. తెలుగుకు విండోస్‌లో ఏఎన్‌ఎస్‌ఐ కోడ్ పేజీ అసలు లేదు. ఇస్కీ తెలుగుకు 57005 అనే సంఖ్య ఉన్నా అది సిస్టం పట్టికగా పనికిరాదు. అంటే పాత పద్ధతిలో తెలుగును ఎలాగో నెట్టుకొచ్చే దారి ఏదీ లేదు.

సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవడం ఐటీ కారిడార్‌లో రోజూ జరిగే పని. ఫైలు మొదట 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తు లేకపోతే ఎక్సెల్ దాన్ని 1252గా చదువుతుంది. అక్కడ సేవ్ కొడితే తప్పు ఫైలులోకి ఎక్కుతుంది. 

### పీడీఎఫ్

పీడీఎఫ్‌లో దాగేది అక్షరాలు కాదు, గీసిన ఆకారాల సంఖ్యలు. అందుకే సంకేతనం పూర్తిగా సరైనదైనా ఇక్కడ తెలుగు చెడవచ్చు. ‘స్త్రీ’ లోపల స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే వరుసలో ఉంటుంది. తెర మీద ఈత్వం మొదటి ‘స’ మీదికి ఎక్కాలి, త, ర వత్తులుగా మారాలి. ఈ పని చేసే ఆకృతి ఇంజను, ఉదాహరణకు హార్ఫ్‌బజ్, లేని లైబ్రరీతో పీడీఎఫ్ తయారుచేస్తే ఆరు ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పరుచుకుంటాయి. బ్రౌజరు ద్వారా గానీ జీటెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాము ద్వారా గానీ తయారుచేసిన పీడీఎఫ్‌లలో ఈ చిక్కు ఉండదు.

కంటికి బాగున్న పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాలు గల్లంతవడం వేరే సమస్య. ఆకారాల నుంచి యూనికోడ్‌కు తిరిగి వెళ్లే పట్టిక ఫైలులో లేకపోవడం గానీ, వత్తుల వరుసను అది పట్టుకోలేకపోవడం గానీ దానికి కారణం. దీర్ఘకాలం భద్రపరిచే పీడీఎఫ్‌లకు 2011లో వచ్చిన పీడీఎఫ్/ఏ-2యూ స్థాయి ఈ పట్టికను తప్పనిసరి చేసింది. ప్రభుత్వ ఉత్తర్వులు, గెజెట్లు ఈ స్థాయిలో వెలువడితే తెలుగులో వెతకడం తేలికవుతుంది.

ఆకృతి రచనలో తప్పు ఎంత దూరం పోగలదో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. ‘జ్ఞా’ రూపంలోని ఒక సంకేత వరుస చేరగానే ఐఫోన్‌లో యాప్‌లు మూతపడ్డాయి. 11.2.6 నవీకరణతో ఆపిల్ దాన్ని సరిచేసింది.

## నిర్ధారణ, సవరణ

చెడిన పత్రాన్ని చూస్తూ అక్షరాలను ఒక్కొక్కటిగా వెతికి మార్చే ప్రోగ్రాము రాయడం తరచూ కనిపించే అలవాటు. దానితో రోగం దాగుతుంది గానీ పోదు, రేపటి పత్రంలో ఇంకో అక్షరం చెడుతుంది. సరైన క్రమం మొదటి నుంచి బైట్లను చూసుకుంటూ రావడం. మైఎస్‌క్యూఎల్‌లో హెక్స్, ఒరాకిల్‌లో డంప్ అనే ఫంక్షన్లు, లినక్స్‌లో హెక్స్ డంప్ ఆదేశాలు దీనికి ఉన్నాయి. ఒక తెలుగు పేరు దగ్గర 224, 176 కనబడితే అక్కడివరకు క్షేమం. 195, 160, 194, 176 అని వస్తే రెండుసార్లు సంకేతించారు. వరుసగా 63లు ఉంటే అవి ప్రశ్నార్థకాలు, నష్టం అంతకుముందే జరిగింది. ఈ పరీక్షను డేటాబేసులో, మధ్య ఫైలులో, పీడీఎఫ్ తయారుచేసే ప్రోగ్రాముకు అందే పాఠంలో చేస్తే తప్పు ఏ రెండిటి మధ్య జరిగిందో బయటపడుతుంది.

రెండుసార్లు సంకేతించినదాన్ని విప్పడానికి ముందు నకలు తీసుకోవాలి. చెడిన వరుసలను మాత్రమే వేరుచేసి, విండోస్-1252లోకి తిప్పి, వచ్చిన బైట్లను యూటీఎఫ్-8గా చదవాలి. పట్టిక మొత్తం మీద ఈ ఆదేశం నడిపితే బాగున్న పేర్లూ చెడతాయి. ఐదు ఖాళీ స్థానాలను నియంత్రణ సంకేతాలుగా గుర్తించే సాధనాన్ని వాడటం తెలుగుకు తప్పనిసరి. పైథాన్ లైబ్రరీ ఎఫ్‌టీఎఫ్‌వైలో ఆ వెసులుబాటు ఉంది. పాత ఫాంట్ల పాఠానికి ఇవేవీ పనిచేయవు. ఏ ఫాంటో తెలుసుకుని ఆకారాల వరుసను సంకేతాల వరుసగా మార్చే మార్పిడి సాధనం కావాలి, మార్చిన తర్వాత మనిషి చదివి సరిచూడాలి.

అక్షరాలు కంటికి ఒకేలా ఉండి లోపల వేరుగా ఉండటం ఇంకో తరహా చిక్కు. ఫ్రెంచి ‘ఇ’ని ఒకే సంకేతంగా గానీ, ‘ఇ’, గీత విడివిడిగా గానీ రాయవచ్చు. తెలుగు ఐత్వానికీ అలాంటి రెండు రూపాలున్నాయి. సున్న (3074), తెలుగు అంకె ౦ (3174) ఒకదాని బదులు ఇంకోటి పడుతుంటాయి. ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలో కనబడని విడదీత సంకేతం ఒకరు పెడతారు, ఇంకొకరు పెట్టరు. పేర్లను పోల్చే ముందు ఏకరూపం చేసే దశ లేకపోతే ఒకే మనిషి ఇద్దరిగా నమోదవుతాడు. (చూ. యూనికోడ్ సాధారణీకరణ)

పరీక్షలకు పెట్టుకునే నమూనా పేర్లు ఈ రంగంలో పెద్ద రక్షణ. ‘ఐశ్వర్య’, ‘కృష్ణమూర్తి’, ‘నీలకంఠం’, ‘ఝాన్సీ’, ‘వెంకటేశ్వరరావు’ అనే ఐదు పేర్లు పత్రం చివరిదాకా చెక్కుచెదరకుండా చేరితే ఖాళీ స్థానాల్లో ‘ఏ’ది తప్ప మిగతావి, విరవని ఖాళీ, వత్తులు, గడి పొడవు పరీక్షించినట్టే. వాటికి ఒక జర్మన్ పేరు, ఛోటీ హే ఉన్న ఒక ఉర్దూ పేరు చేర్చుకోవాలి.

## ప్రాముఖ్యం

ధ్రువపత్రంలో పేరు తప్పుపడితే దాన్ని సరిచేయించుకునే భారం పత్రం తీసుకున్నవారి మీద పడుతుంది. భూమి పాస్‌బుక్కులో, ఆసుపత్రి రికార్డులో, విద్యార్థి మార్కుల జాబితాలో ఒక కొమ్ము పోవడం వారికి పని దినాలు పోగొట్టుకోవడమే. చెడిన పేరుకు భయపడి పత్రాలను ఇంగ్లిషులోనే జారీ చేయడం, లేదా తెలుగు పేరును బొమ్మగా అతికించడం కొన్ని వ్యవస్థలు ఎంచుకున్న దారి. బొమ్మలోని పేరును వెతకలేరు, చూపులేనివారికి తెర చదివే సాధనం దాన్ని వినిపించలేదు. మొబైల్ ఫోన్లలో భారతీయ భాషల మద్దతుకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 16333 (మూడో భాగం) తెచ్చింది. సర్వర్లలో పత్రాలు తయారుచేసే ప్రోగ్రాములు దాని పరిధిలోకి రావు. అక్కడ తెలుగు సరిగా రావడం ఇప్పటికీ ఒప్పంద పత్రంలోని షరతుల మీద, పరీక్షించే ఇంజనీరు శ్రద్ధ మీద ఆధారపడి ఉంది.